పియానోలో గుర్రం

పిల్లలూ, వీణను దగ్గరగా చూశారా? దానిమీద తీగలు ఆనుకునే చిన్న పీటను గుర్రం అంటారు. పియానోలోనూ అలాంటిదొకటి ఉంది. తీగ అదురును వెనకనున్న వెడల్పాటి చెక్క పలకకు అందించేది అదే. అది లేకపోతే తీగ మోత పక్కగదికైనా చేరదు.

నేను హెడ్మాస్టరుగా ఉన్న బడిలో పాత నిలువు పియానో ఒకటి ఉండేది. రోజూ ప్రార్థన దానితోనే. ఒక ఏడాది ఎడమవైపు మెట్లు నొక్కితే జుర్రుమని రొద మొదలైంది. కట్టెలకు అమ్మేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు.

దీపం పట్టి చూస్తే, గుర్రంలో మేకుల వరస వెంట వెంట్రుకవాసి పగులు! ప్రతి తీగా రెండు మేకుల మధ్య వంకరగా పోతూ వాటిని పక్కకు ఒత్తుతుంది. పియానోలో 200కు పైగా తీగలు; అన్నిటి లాగుడూ కలిపితే సుమారు 15 టన్నులు. ఎండకు ఎండి, వానకు ఉబ్బిన కొయ్య చీలింది. మేకు వదులైతే తీగ రొద చేయదూ?

తొందరపడి పగులులో జిగురు పోశాను. నాలుగోరోజుకు మళ్ళీ నోరు తెరిచింది. మా వడ్రంగి నవ్వి, "బరువు దింపకుండా బండికి ఇరుసు మారుస్తారా, పంతులుగారూ?" అన్నాడు.

ఈసారి ముందుగా అక్కడి తీగలు వదులు చేశాం. ఏ తీగ ఎక్కడిదో కాగితంమీద రాసుకున్నాను. మేకులు ఊడదీసి, ఎపాక్సీ జిగురు లోపలికి ఇంకనిచ్చి, మేకులు దించి, బిగింపు వేసి, ఒక రోజంతా ముట్టుకోలేదు. తరవాత తీగలను కొంచెం కొంచెంగా బిగించాం. శ్రుతి మాత్రం నెలరోజులు జారుతూనే ఉంది.

మొదటి మెట్టు నొక్కింది ఐదో తరగతి అమ్మాయి. వడ్రంగి వెనకనున్న పలకకు అరచెయ్యి ఆనించి, "పలుకుతోందండీ!" అన్నాడు.