ఉలి ఆగిన చోట

ఫ్లారెన్స్‌లో ఒక సెమిస్టర్ చదువుకోవడానికి వచ్చిన కళా విద్యార్థులంతా మొదట పరుగెత్తేది మైకెలాంజెలో డేవిడ్ దగ్గరికే. వెళ్లాల్సిందే. అయిదు మీటర్లు దాటిన ఆ పాలరాతి కుర్రవాడి ఎదుట నిలబడితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ అకాడెమియా గ్యాలరీలో నా స్కెచ్‌బుక్కు నిండింది మాత్రం అతని దగ్గరికి వెళ్లే దారికి ఇరుపక్కలా ఉన్న ఖైదీలతో. పోప్ రెండో జూలియస్ సమాధి కోసం మైకెలాంజెలో మొదలుపెట్టి వదిలేసిన శిల్పాలవి. ఒకడి తల ఇంకా రాతిలోనే ఉంది. దగ్గరగా చూస్తే పళ్లున్న ఉలి గీసిన చారలు. చెయ్యి ఎక్కడ ధైర్యంగా సాగిందో, ఎక్కడ జాగ్రత్తపడిందో ఆ చారల్లోనే ఉంది. డేవిడ్ ఒంటి నునుపులో అదంతా చెరిగిపోయింది. నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లకి కావలసినవి ఆ చారలే అని నా నమ్మకం.

ఆర్నో నది దాటితే కార్మినే చర్చి, అందులో బ్రాంకాచీ చాపెల్. అక్కడి గోడలకు 1420లలో మసాచో బొమ్మలు వేశాడు. తడి సున్నం మీద పనికి గడువు పెట్టేది గోడే. ఆ రోజు ఎంత వేయగలడో అంతమేరకే గార పూసుకోవాలి, అది ఆరేలోపు రంగు పడాలి. ఆరేకొద్దీ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మళ్లీ రాయవుతుంది, రంగు అందులో ఉండిపోతుంది. తప్పు పడితే గార చెక్కేసి మళ్లీ పూయాల్సిందే. ఒక రోజు గార అంచు మీదికి మర్నాటి గార కొద్దిగా ఎక్కుతుంది. ఆ అతుకులు పట్టుకుంటే ఏ ముఖం ముందు వేశారో, ఏ కొండ తర్వాత వచ్చిందో తెలిసిపోతుంది. మసాచో ముప్పై నిండకుండానే 1428లో పోయాడు. మిగిలిపోయిన గోడల్ని 1480లలో ఫిలిప్పీనో లిప్పి పూర్తి చేశాడు. ఎవరి కుంచె ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం గొప్ప చదువు. లోపల ఉండనిచ్చేది కాసేపే, అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాలి. పర్యాటకులకి లేని భాగ్యం ఇదే.

ఫ్లారెన్స్ పెద్ద చర్చి గుమ్మటానికి 463 మెట్లు. లోపలి పెంకుకీ బయటి పెంకుకీ మధ్య నుంచే ఎక్కుతాం. 1420–1436 మధ్య బ్రూనెలెస్కి కింద సెంట్రింగ్ లేకుండా కట్టించిన చేపముల్లు ఇటుక వరస అక్కడక్కడా చేతికి అందేంత దగ్గరలో కనిపిస్తుంది.

డిజైన్ చదివేవాళ్లు మిలాన్ కూడా చూడాలి. డిజైనర్ అకీలే కాస్తిల్యోని పనిచేసింది అక్కడి కాస్తెల్లో కూడలిలోని స్టూడియోలోనే. ఆయన, అన్న పియెర్ జాకొమో కలిసి 1962లో చేసిన ఆర్కో దీపానికి పీట కరారా పాలరాయి, బరువు 65 కిలోల దాకా. ఆ రాయికి మధ్యలో ఒక రంధ్రం. అందులోంచి చీపురు కర్ర దూర్చి ఇద్దరు మనుషులు ఎత్తుకుపోవచ్చు. దీపం అందాన్ని అందరూ పొగుడుతారు. ఎత్తేవాళ్ల నడుముల్ని తలుచుకుని పెట్టిన ఆ రంధ్రం నాకు అంతకన్నా గొప్పగా తోస్తుంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. మూడు నెలలు మించి ఉండేట్టయితే, దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దాన్ని పోస్టాఫీసులోనే తీసుకుంటారు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకి టికెట్ ఉండదు. జనం మాత్రం విపరీతం, బొమ్మ గీసుకోవడానికి వేరే రోజు చూసుకోండి.

మన పిల్లలకి ఇంకొక్క మనవి. ఇలా ఆగిన పనిని చూసి నేర్చుకునే చోటు మన దగ్గరా ఉంది. లేపాక్షిలో కప్పు పడని కల్యాణ మంటపం స్తంభాలు ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నాయి. వీరభద్రాలయం పైకప్పులో పదహారో శతాబ్దపు బొమ్మలు పెచ్చులూడిన చోట, కింది గార బయటపడింది. ఇటలీ విమానం ఎక్కేలోపు పెన్సిలు పట్టుకుని అక్కడ రెండు రోజులు కూర్చోండి.