కాస్త మరమ్మతు ఉంది

ప్రభుత్వ వైద్యునిగా 32 సంవత్సరాలు పనిచేసిన కాలంలో రోగుల నోట నేను అత్యధికంగా విన్నది ఏ జబ్బు పేరూ కాదు, ‘కొంచెం’ అన్న మాట. ‘కొంచెం షుగర్ ఉండాది సార్.’ ‘బీపీ కొంచెమే సార్, మాత్ర ఎప్పుడన్నా ఏసుకుంటా.’ తీరా పరీక్ష చేయిస్తే పరగడుపు చక్కెర 260 ఉంటుంది, బొటనవేలి కింద నెలనాళ్లుగా మానని పుండు ఉంటుంది. వారు అబద్ధమాడారని నేననను. కొలిచి చూడని దానికి మనిషి తనకు భయం కలిగించని మాటనే ఎంచుకుంటాడు. సంతలో ఆవును అమ్మేవాడు ‘పాలు పితికేటప్పుడు కొంచెం కాలు ఆడిస్తాది’ అంటాడు. పాత ట్రాక్టరు అమ్మేవాడు ‘ఇంజనులో కొంచెం పనుంది’ అంటాడు. ఆ కొంచెం ఎంతో కొన్నవాడికి దుక్కి మొదలుపెట్టిన రోజు తెలుస్తుంది.

ఈ వ్యాసం అటువంటి ఒక అమ్మకం గురించి. అమ్మింది ఆవునూ కాదు, ట్రాక్టరునూ కాదు. ఒక పాత తెరచాప పడవను. పూతలపట్టులో కూర్చుని పడవల గురించి రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. మా పక్కన పారే బాహుదాలో నీళ్లు కనబడే రోజులే తక్కువ. కానీ ఆ అమ్మకాన్ని నేను దగ్గరుండి చూశాను. అందులో వైద్యానికి సంబంధించిన సంగతులు నేను అనుకున్న దానికంటె చాలా ఎక్కువగా ఉన్నాయి.

పడవ యజమాని తిరుపతి ఎస్.వి. వైద్య కళాశాలలో నా సహాధ్యాయి. వాడి సొంత ఊరు సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. ఈనాడు అది తిరుపతి జిల్లా, మా చదువుల కాలంలో నెల్లూరు జిల్లా. పులికాట్‌లో జాలరుల తెరచాప పడవలను చూస్తూ పెరిగినవాడు. హాస్టలు గదిలో శరీరనిర్మాణ శాస్త్రం పుస్తకం అంచుల్లో కూడా తెరచాపలే గీసేవాడు. 1970ల చివర అమెరికా వెళ్లి, మేరీలాండ్ రాష్ట్రంలో మత్తు వైద్యునిగా స్థిరపడ్డాడు. అక్కడ చెసపీక్ అనే పెద్ద ఉప్పునీటి అఖాతం ఉంది. యాభయ్యో ఏట ఒక 34 అడుగుల పడవను కొన్నాడు. అది కేవలం షికారు పడవ కాదు. లోపల నలుగురు పడుకునే చోటు, చిన్న వంటగది, డీజిలు ఇంజను ఉన్నాయి; నెల రోజులు నీటిమీదే కాపురం చేయవచ్చు. కొన్ననాటికే అది పాతది, 1985లో తయారైంది.

గత సంవత్సరం మా అమ్మాయి ఇంట నాలుగు నెలలు ఉండడానికి నేను మేరీలాండ్ వెళ్లినప్పుడు వాడు ఆ పడవను అమ్మే ప్రయత్నంలో ఉన్నాడు. ప్రకటన రాసి నా చేతికిచ్చాడు. ఆరు వాక్యాలు పడవ అందాన్ని వర్ణించాక చివర ఒక్క ముక్క: ‘కాస్త మరమ్మతు అవసరం’.

“ఒరేయ్, నీ దగ్గరికి ఆపరేషనుకు వచ్చిన రోగి ‘కాస్త గుండె జబ్బుంది’ అని రాసిస్తే నువ్వు మత్తు ఇచ్చేవాడివా?” అని అడిగాను.

వాడు నవ్వి ఒక పాత కథ చెప్పాడు. 1892లో జాషువా స్లోకమ్ అనే పనిలేని ఓడ కెప్టెనుకు, తిమింగలాల వేటనుండి విరమించుకున్న మరొక కెప్టెను, కాస్త మరమ్మతు కావలసిన ఓడ ఒకటి ఉంది, ఉచితంగా ఇస్తానన్నాడట. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కు వెళ్లి చూస్తే, నీటికి దూరంగా పొలంలో గుడ్డ కప్పి, మోపులు పెట్టి నిలబెట్టిన శిథిలమైన పడవ! స్లోకమ్ 13 నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చుపెట్టి, దాన్ని దాదాపు పూర్తిగా కొత్తగా కట్టాడు. దాని పేరు ‘స్ప్రే’. 1895లో బయలుదేరి 1898లో తిరిగివచ్చి, ఒంటరిగా తెరచాపతో భూగోళాన్ని చుట్టిన మొదటి మనిషి అయ్యాడు. “చూశావా, కాస్త మరమ్మతు అనే చెప్పారు!” అన్నాడు మావాడు. స్లోకమ్ వృత్తిరీత్యా ఓడలెరిగినవాడు, పైగా దానికి వెల ఇవ్వలేదు. వేల డాలర్లు పోసి కొనే కొత్తవాడి సంగతి వేరు కదా అన్నాను.

మా ప్రాంతంలో బేరం దగ్గర మాట తేడా వస్తే ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అంటారు. వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటి మొండివాడైనా జంకుతాడు. ఆ మాట గుర్తుచేసేసరికి వాడు పెన్ను తీశాడు. రెండు రోజులు పడవలో కూర్చుని, మేము కేసు షీటు రాసే పద్ధతిలోనే రాశాడు. డెక్కులో ముందు భాగాన రెండు చదరపు అడుగుల మేర కాలి కింద మెత్తగా ఉంది. స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలు మార్చి 17 ఏళ్లయింది. అడుగున బరువు కోసం ఉండే సీసపు కీలుకూ పడవకూ మధ్య సన్నని గీత కనబడుతోంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రెండో ప్రయత్నానికి అందుకుంటుంది. పెద్ద తెరచాప కుట్లు రెండుచోట్ల ఊడాయి. మొత్తం 19 అంశాలు. ఎప్పుడు గమనించాడు, ఏం చేశాడు, ఏం చేయలేదు అన్నీ ఉన్నాయి. ఫోన్లు తగ్గాయి గాని, వచ్చినవారు చూసిపోదామని వచ్చినవారు కారు.

అక్కడ పాత పడవల బేరానికి ఒక పద్ధతి ఉంది. ధర కుదిరినా, తనిఖీదారు చూసి నివేదిక ఇచ్చేవరకు, పడవను నీటిమీద నడిపి చూపేవరకు బేరం ముగియదు. తనిఖీ ఖర్చు కొనేవారిదే. క్రేనుకు వేసిన పట్టీలలో పడవను నీటిలోంచి పైకెత్తారు. తనిఖీదారు చేతిలో ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి. పడవ పొట్టమీద అంగుళం అంగుళం తడుతూ, చెవి దగ్గరపెట్టి వింటున్నాడు. గట్టి ఫైబర్ గ్లాసు మీద ఖంగుమనే శబ్దం. డెక్కు మీదికి వెళ్లాక, పైకి నిగనిగలాడుతున్న చోట కూడా అకస్మాత్తుగా శబ్దం చచ్చుబడింది. డెక్కు పైపొరకూ కింది పొరకూ మధ్య బాల్సా అనే తేలిక కర్ర ఉంటుంది. ఏనాడో బిగించిన స్క్రూ రంధ్రం గుండా నీరు దిగి అది కుళ్లింది.

నేను అప్రయత్నంగా నా ఎడమచేతి మధ్యవేలు చూసుకున్నాను. వేలిని రోగి వీపున ఆనించి మరొక వేలితో తట్టి, ఊపిరితిత్తి చుట్టూ నీరు ఎంతవరకు చేరిందో మేము గుర్తించేది అలాగే. ఈ పరీక్షను 1761లో వియన్నాలో లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు ప్రకటించాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలలో సారాయి మట్టం తెలుసుకోవడానికి తట్టి చూడడం ఆయన చిన్ననాటనే చూశాడని చెబుతారు. ఆయన కాలంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1808లో నెపోలియన్ వైద్యుడు కోర్విసార్ ఫ్రెంచిలోకి అనువదించాకే అది లోకానికెక్కింది. నేటి యువ వైద్యులు ఛాతీమీద వేలు పెట్టకుండానే స్కానింగ్‌కు రాస్తుంటారు. ఆ సుత్తి మనిషిని వారికి చూపాలనిపించింది.

మావాడు రెండు చదరపు అడుగులని రాసిన చోట తనిఖీదారు అయిదు అని తేల్చాడు. తీగలు తక్షణం మార్చాలన్నాడు. మిగిలినదంతా జాబితాలో ఉన్నట్టే ఉంది. కొనవచ్చినది ముప్పయ్యేళ్లైనా నిండని భార్యాభర్తలు. కాగితంలో ముందే ఉన్నవాటికి వారు ధర తగ్గించమని అడగలేదు. తేడా వచ్చిన మూడు చదరపు అడుగులకే అడిగారు. 22,000 డాలర్లకు కుదిరిన బేరం 20,500 దగ్గర తెగింది.

పడవను సొంతంగా బాగుచేసుకోబోయే ఆ దంపతులకు మేమిద్దరం వైద్యులుగా కొన్ని జాగ్రత్తలు చెప్పాము. అవి ఇక్కడ మన ఇళ్లకూ షెడ్లకూ వర్తిస్తాయి గనుక రాస్తున్నాను. ఫైబర్ గ్లాసును, పాత రంగును గరుకు కాగితంతో పొడిగా రుద్దితే లేచే ధూళి ఊపిరితిత్తులలోకి పోతుంది. పడవ అడుగున నాచు, గవ్వలు పట్టకుండా వేసే రంగులో రాగి విషం ఉంటుంది. ముక్కుకు కట్టే చేతిరుమాలు దీనికి చాలదు. ముఖానికి బిగుతుగా అతికే, తగిన ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి, వీలైనచోట తడిపి రుద్దాలి. ఎపాక్సీ జిగురు గట్టిపడకముందు చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. ఒకసారి ఆ ఎలర్జీ మొదలైతే ఆ తరువాత కొద్దిపాటి స్పర్శకే తిరగబెడుతుంది. చేతి తొడుగులు మొదటి రోజునుండే వాడాలి. కారు డెంటింగ్ షెడ్లలో, వాటర్ ట్యాంకులు అతికే పనిలో ఉన్న మన కుర్రవాళ్ల చేతులు నేను చాలా చూశాను. వారిలో తొడుగు వేసుకున్నవాడు అరుదు.

అన్నిటికంటె గట్టిగా చెప్పింది కార్బన్ మోనాక్సైడ్ గురించి. ఇంజను పొగలో, మూసిన గదిలో మండే పొయ్యిలో ఇది పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పడవలో దీనికొక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది: తలనొప్పి, వికారం, తల తిరగడం అనే తొలి లక్షణాలు అచ్చం సముద్రపు వికారంలాగే ఉంటాయి. ‘అలలకు తిప్పుతోంది, కాసేపు లోపల పడుకో’ అని పంపుతారు. ఆ లోపలే విషవాయువు ఉంటుంది. మన దగ్గర చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకోవడం, కరెంటు పోయినప్పుడు వరండాలోనో షట్టరు లోపలో జనరేటరు నడపడం ఇదే కోవలోనివి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే తిన్నది పడలేదని సరిపెట్టుకోవద్దు. ముందు అందరినీ బయటి గాలిలోకి తీసుకుపోవాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పడవలో పడక దగ్గర హెచ్చరిక గంట పెడతామని ఆ దంపతులు మాట ఇచ్చారు.

సంతకాలకు ముందు ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది: “ఎందుకు అమ్ముతున్నారు?”

“వయసు. కాస్త మోకాళ్ల నొప్పి,” అన్నాడు మావాడు.

నేను వాడి ముఖం చూశాను. పడవ గురించి 19 అంశాలు రాసినవాడు తన గురించి మళ్లీ ‘కాస్త’ అంటున్నాడు. ఆ రాత్రి వాడి భార్య ఎదుటనే అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చింది. మూడేళ్లుగా గుండె లయ తప్పుతోంది. గడ్డకట్టకుండా రక్తాన్ని పలుచబరిచే మాత్ర వాడుతున్నాడు. ఏడాదిలో రెండుసార్లు డెక్కుమీద పడ్డాడు. రెండోసారి, గాలి మారినప్పుడు తెరచాప అడుగు దూలం తిరిగి తలకు తగిలింది. ఇంట్లో చెప్పలేదు, ఆసుపత్రికీ పోలేదు. ఆవిడకు అది తెలిసింది ఆ రాత్రే. ఏమీ అనలేదు, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

రక్తం పలుచబరిచే మందు వాడేవారు తలకు దెబ్బ తగిలితే, స్పృహ బాగున్నా, బొప్పి కూడా కట్టకపోయినా ఆసుపత్రికి వెళ్లి ‘నేను ఫలానా మాత్ర వాడుతున్నాను’ అని చెప్పాలి. మెదడులో రక్తస్రావం కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు గడిచాక బయటపడవచ్చు. అలాగని భయపడి మాత్రను సొంతంగా మానివేయరాదు. అది పక్షవాతానికి తలుపు తెరిచినట్టే. ఈ రెండూ మావాడు తన రోగులకు వందలసార్లు చెప్పి ఉంటాడు.

మరునాడు వాడిని గోడ పక్కన ఒంటికాలిపై నిలబెట్టాను. బ్రెజిల్‌లో 51 నుండి 75 ఏళ్ల మధ్యవారు 1,702 మందిని పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసరా లేకుండా 10 సెకన్లు ఒంటికాలిపై నిలబడలేనివారిలో తరువాతి సంవత్సరాలలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. నిలబడలేకపోవడమే చావుకు కారణమని దాని అర్థం కాదు. కండరం, నరం, చూపు, చెవి, మందులు, వీటిలో ఏది దెబ్బతిన్నా అది తూలుడుగా తెలుస్తుంది. మీరు చూసుకోదలిస్తే పక్కన మనిషిని ఉంచుకుని, గోడ అందేలా నిలబడండి. మావాడు కుడికాలిపై 9 సెకన్లు, ఎడమకాలిపై 3. ఆ అంకెలు వాడి చేతనే రాయించి, వాడి వైద్యునికి చూపమన్నాను. ఆయన బీపీ మాత్ర మోతాదు మార్చి, కంటి పరీక్షకు, ఫిజియోథెరపీకి పంపారు. ముదురుతున్న శుక్లం ఒకటి దొరికింది.

పడవ చేతులు మారింది. శీతాకాలంలో ఆ దంపతులు డెక్కు కోసి చూస్తే కుళ్లు ఏడు చదరపు అడుగులు ఉందట. తనిఖీదారు చెప్పినదానికంటె కూడా ఎక్కువ. వాళ్లు మావాడికి ఫిర్యాదుగా కాక, అతని జాబితాలో సవరణగా ఫొటోతో సహా పంపారు. వేసవిలో రెండుసార్లు వాడిని పడవలోకి పిలిచారు. లైఫ్ జాకెట్టు వేసుకుని, దూలం అందని పల్లపు సీటులో కూర్చుంటాడు, తాళ్లు ముట్టుకోడు, గాలి తక్కువున్నప్పుడు చుక్కాని ఇస్తారు. మొన్న ఆదివారం ఫోనులో, శుక్లం తీయించుకున్నాననీ, ఎడమకాలిపై 7 సెకన్లు వచ్చిందనీ చెప్పాడు. పక్కనుండి వాడి భార్య, “ఆరే వచ్చింది అన్నయ్యగారూ, గడియారం నా చేతిలోనే ఉంది,” అంది.