దూరపు కొంగలు

దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. వాళ్ళ చేతుల్లో జూమ్ కెమెరా లేదు కనక సరిపోయింది గానీ, ఉంటే ఆ సామెతని తిరగేసి చెప్పేవారు. చెరువు అవతల చెట్టుమీది కొంగని బటన్ నొక్కి దగ్గరికి లాక్కుని ఫోటో తీసి చూడండి! ఒళ్ళంతా ఇసుక చల్లినట్లు గరుకుగా, అంచులన్నీ అలుక్కుపోయినట్లు వస్తుంది.

"ఎంత దూరం లాగుతుందండీ మీ కెమెరా?" అని అడుగుతారు చూసినవాళ్ళు, చేదతాడు పొడుగు అడిగినట్లు. 2015లో వచ్చిన నికాన్ పి900 83 రెట్లు లాగుతుంది. 2018లో వచ్చిన పి1000 అయితే 125 రెట్లు. సరే, బావిలో నీళ్ళు లేకపోతే తాడెంత పొడుగైతే ఏం లాభం? ఇక్కడ నీళ్ళంటే వెలుగు.

ఈ రకం కెమెరాల్లో బొమ్మను పట్టుకునే సెన్సర్ చిటికెనవేలి గోటికంటే చిన్నది. వెడల్పు 6 మిల్లీమీటర్ల పైచిలుకు, ఎత్తు నాలుగున్నర. ఖరీదైన పెద్ద కెమెరాల్లో దీనికి 30 రెట్ల వైశాల్యం ఉంటుంది. పైగా పి900లో జూమ్ చివరికంటా లాగితే లోపలికి వచ్చే వెలుగు అయిదో వంతుకి పడిపోతుంది. అప్పుడు కెమెరా కంగారుపడి ఐఎస్ఓ పెంచేస్తుంది. రేడియోలో దూరపు స్టేషను సరిగా అందనప్పుడు గొంతు పెంచితే ఏమవుతుంది? పాటతోబాటు గరగరా పెరుగుతుంది. ఫోటోలో ఆ గరగరే ఈ ఇసుక.

మరేం చెయ్యాలంటారా? ఇల్లాలికి తెలిసిన పొదుపే. సూర్యుణ్ణి వీపువెనక పెట్టుకుని పొద్దున్నే తియ్యండి. మధ్యాహ్నమైతే వేడిగాలి అలల్లా లేస్తుంది, జూమ్ దాన్నీ పెద్దది చేసి చూపిస్తుంది. ఐఎస్ఓని 400 దాటనివ్వకండి. జూమ్ని ఆఖరి అంగుళందాకా లాగకుండా కొంచెం వెనక్కి తగ్గండి. డిజిటల్ జూమ్ జోలికి అసలు పోవద్దు. అది ఉన్న బొమ్మని సాగదీయడమే తప్ప కొత్తగా చూపించేదేమీ లేదు. కుదురుగా కూర్చున్న పక్షికి సెకనులో 250వ వంతు చాలు, ఎగిరేదానికి 1000వ వంతయినా కావాలి.

అన్నిటికంటే ముఖ్యం చెయ్యి కదలకపోవడం. పాత దిండు గలీబులో రెండు కిలోల బియ్యం పోసి కుట్టేశాను. పిట్టగోడమీద పెట్టి కెమెరా దానిమీద ఆనిస్తే రాయిలా ఉంటుంది. ఆ సంచీ చూసి మావారు, "కొంగలకి తలంబ్రాలా?" అన్నారు. అననివ్వండి! ఊపిరి సగం వదిలి వరసగా అయిదారు తీస్తే వాటిలో ఒకటైనా నిలుస్తుంది.

ఇంత చేసినా ఒక్కోరోజు ఫోటో నునుపెక్కదు. సరిగ్గా అప్పుడే మనిషికి దుర్బుద్ధి పుడుతుంది. ఇంకాస్త దగ్గరికి వెళ్దామా, చప్పుడు చేసి లేపుదామా అని.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్లమీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడతాయి. పసుపుపచ్చ ముక్కు, తోకదగ్గర గులాబీరంగు ఈకలతో ఎర్రకాళ్ళ కొంగ పేరంటానికి ముస్తాబైనట్లుంటుంది. ఎండ ముదిరితే తల్లో తండ్రో గూటిమీద నిలబడి, రెక్కలు విప్పి, పిల్లలకి గొడుగు పడుతుంది. ఈ పనిలో ఆడామగా తేడా లేదు సుమండీ!

ఒకసారి పదకొండు గంటలవేళ అలా నిలబడ్డ కొంగని చూస్తున్నాను. నా పక్కనున్న కుర్రాడికి ఎగిరే ఫోటో కావలసివచ్చింది. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు.

"వద్దు నాయనా! అది లేస్తే పిల్లల నెత్తిమీద గొడుగు పోతుంది. కాకులు కాచుకునున్నాయి చూడు" అన్నాను.

అతను గూటికేసి చూశాడు. మెల్లిగా చేతులు దించేశాడు. "ఎంతసేపుండాలండీ మరి?" అన్నాడు.

"అది లేచేదాకా" అని నా బియ్యంసంచీ అతనివైపు జరిపాను.

అరగంటకి జతకొంగ మేతతో వచ్చి వాలింది. కాసేపు ముక్కులు టకటకలాడించాయి. అప్పుడు మొదటిది తనంతట తానే రెక్కలు సవరించుకుని లేచింది. కుర్రాడు టపటపా తీసేసుకున్నాడు. చూపించాడు కూడా. ఎండవేడికి అంచులు కొద్దిగా అలుక్కుపోయాయి.

"పొద్దున్నే వస్తే ఇంకా బాగా వస్తుంది, మళ్ళీ రా" అన్నాను.

అంత దూరంనించే చూడమనే కదా మన చేతికి జూమ్ ఇచ్చింది! ఫోటో కాస్త గరుకైతే ఏం, గూట్లో పిల్ల కందకుండా ఉంటే చాలు.