ఓడ మెట్ల దగ్గర ఒక సలాం

పినాంగ్ రేవులో సాయంత్రం ఆరున్నర గంటలు. ఎండ వాలినా ఉక్కపోత తగ్గలేదు. మధ్యాహ్నమంతా జార్జ్ టౌన్ వీధుల్లో తిరిగి, కాళ్ళీడ్చుకుంటూ ఓడ దగ్గరికి వస్తున్నాము. దూరం నుంచే డోలు చప్పుడు వినిపించింది. దగ్గరికి వచ్చి చూస్తే, ఓడలోకి ఎక్కే వంతెనకు ఇరువైపులా పాతిక మంది సిబ్బంది వరుసలు కట్టి చప్పట్లు కొడుతున్నారు. ఒకరు డోలు వాయిస్తున్నారు. ఇద్దరు రంగురంగుల గుడ్డలు గాలిలో ఊపుతున్నారు. మరికొందరి చేతుల్లో పళ్ళాలు, వాటిలో మంచుగడ్డల మీద చల్లబరచిన తడి తువ్వాళ్ళు, నిమ్మరసం గ్లాసులు. ప్రతి ప్రయాణికుణ్ణీ చూసి ఒక్క గొంతుతో 'వెల్‌కమ్ హోమ్' అంటున్నారు. ఇంటికి స్వాగతమట!

ఏడేళ్ళ మా మనవడు నా చెయ్యి విడిపించుకుని ఆ వరుసల మధ్యకు పరుగు తీశాడు. మా శ్రీమతి కొంగు సవరించుకుని తల దించుకుంది. నేను ఎటు చూడాలో తెలియక నా చెప్పుల వంకే చూస్తూ నడిచాను. ఎవరో తువ్వాలు అందించబోతే వద్దన్నట్లు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయాను. వెనుక ఇంకా చప్పట్లు మోగుతూనే ఉన్నాయి.

మాది మచిలీపట్నం. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి పట్టుబట్టి మమ్మల్ని ఈ నాలుగు రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్ళాడు. సింగపూరులో సాయంత్రం బయలుదేరిన ఓడ మలక్కా జలసంధి వెంట ఉత్తరంగా సాగి మరునాటి మధ్యాహ్నానికి పినాంగ్ చేరుతుంది. ఆ తరువాత థాయ్‌లాండ్‌లోని ఫుకెట్. పిమ్మట ఒక పగలంతా సముద్రం, మళ్ళీ సింగపూరు. ఓడలో సుమారు నాలుగు వేల మంది ప్రయాణికులు ఉన్నారు. వారికి వండి పెట్టేందుకు, పడకలు సర్దేందుకు, ఓడను నడిపేందుకు వెయ్యి మందికి పైగా సిబ్బంది.

ఓడ దిగేటప్పుడు నాకు పినాంగ్ పరాయి ఊరు. గంట గడిచేసరికి ఆ భావం పోయింది. రేవుకు నడక దూరంలోనే కపితాన్ కెళింగ్ మసీదు ఉన్నది. కోరమాండల్ తీరం నుంచి వచ్చిన ముస్లిం వర్తకులు 1801లో దానిని నెలకొల్పారు. పేరులోని 'కెళింగ్' అన్న మాటకు మూలం మన కళింగమే. గోల్కొండ సుల్తానుల కాలంలో మా బందరు నుంచి సుమత్రాలోని ఆచేకు కలంకారీ వస్త్రాలతో ఓడలు వెళ్ళేవని నేనే ఎన్నో ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. ఆ పాఠంలోని ఆవలి ఒడ్డు మీద నిలబడి అసర్ నమాజు చేసుకున్నప్పుడు, చెప్పిన పాఠం కళ్ళకు కట్టినట్లయింది.

అక్కడికి కాస్త దూరంలో ఆచే వీధి. అందులో 1808 నాటి మసీదు, దాని పక్కన ఎనిమిది పలకల మినారు. విమానాలు రాకముందు చుట్టుపక్కల ప్రాంతాల హజ్ యాత్రికులు ఈ వీధికి చేరి, జెద్దా వెళ్ళే ఓడ కోసం ఎదురుచూసేవారు. అందుకే దీనికి 'రెండవ జెద్దా' అని పేరు వచ్చింది. ఆ మసీదు అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు మా అబ్బాజాన్ గుర్తుకు వచ్చారు.

ఆయన 1970ల ఆరంభంలో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వెళ్ళారు. మన దేశం నుంచి ఆ ఓడ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి గాని, ఆ రోజుల్లో సామాన్యులకు అదే దారి. వెళ్ళినవారు నెలల తరబడి కనిపించేవారు కాదు. ఎప్పుడో ఒక ఉత్తరం, లేదా అదీ లేదు. అబ్బాజాన్ తిరిగి వచ్చిన రోజున బందరు స్టేషను జనంతో నిండిపోయింది. గులాబీ దండలు, ఆలింగనాలు, తమ కోసం దుఆ చేయమని చేతులు పట్టుకునే పెద్దలు. ఇంటి గుమ్మంలో మా దాదీ నిలబడి ఉన్నారు. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రెండు చేతులతో కొడుకు ముఖం తడిమి చూసుకున్నారు. స్వాగతం అంటే నాకు తెలిసినది అదే.

ఆ జ్ఞాపకంతో వచ్చినవాడికి ఓడ ముందు డోలు చప్పుడు ఎలా వినిపిస్తుంది? నాలుగు గంటలు వీధులు చూసి వచ్చినందుకు చప్పట్లా? అక్కడ నిలబడినవారిలో ఎవరికీ నా పేరు తెలియదు. రేపు ఫుకెట్‌లోనూ ఇదే మాట, ఇదే నవ్వు. పైగా వాళ్ళు ఉక్కలో నిలబడి ఉంటే నేను ఏసీలోకి నడిచిపోతున్నాను. ఆ నవ్వు అబద్ధమేమోనన్న అనుమానం ఒకవైపు, వాళ్ళను శ్రమ పెడుతున్నామన్న సిగ్గు మరొకవైపు. ఆ రెండింటిలో దేనికి తల వంచుకున్నానో నాకే తెలియదు.

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇదే చర్చ జరిగింది. మా బల్ల మీద కూర్చున్న ఒక ఆస్ట్రేలియా పెద్దమనిషి, "నేను ఊళ్ళోకి వెళ్ళి ఒక టోపీ కొనుక్కొచ్చాను. అందుకు ఇంతమంది చప్పట్లు కొడితే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు" అన్నారు. ఆయన భార్యకు మాత్రం ఆ చల్లని తువ్వాలు ప్రాణం లేచి వచ్చేలా చేసిందట. చెన్నై నుంచి ఒంటరిగా వచ్చిన ఒక వృద్ధురాలు కాసేపు అందరి మాటలూ విని, మెల్లగా అన్నారు: "మా వారు పోయి ఆరేళ్ళయింది. బజారు నుంచి వస్తే నా తాళం నేనే తీసుకోవాలి. వచ్చావా అని అడిగేవారు లేరు. డబ్బు తీసుకుని అన్నా సరే, ఆ మాట నా చెవికి బాగానే ఉంది." ఆమె మాటకు ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము.

మా అబ్బాయి లెక్క వేరు. "ఇదంతా వ్యాపారం అబ్బా. చివరి రోజున మార్కులు వేయమని కాగితం ఇస్తారు. సిబ్బందికి ఇచ్చే బక్షీసు కూడా రోజువారీగా మన బిల్లులోనే కలిపేస్తారు. మీరు మనసు కష్టపెట్టుకోకండి" అన్నాడు. వాడి మాటలో నిజం ఉన్నది. ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త విమాన పరిచారికల పనిని పరిశీలించి 1983లో ఒక గ్రంథం రాశారు. చేతుల శ్రమతో పాటు నవ్వును, ఆప్యాయతను కూడా జీతానికి అమ్మవలసి వచ్చే ఉద్యోగాలు ఉంటాయని, ఆ శ్రమ పైకి కనిపించదని ఆమె చెప్పారు. ఓడ మెట్ల దగ్గర నేను చూసినది ఆ శ్రమనే.

గదికి వచ్చాక మా శ్రీమతి ఒక మాట అన్నది. "ఏమండీ, మీరు తువ్వాలు వద్దన్న అబ్బాయి మీ టోపీ చూసి సలాం చెప్పాడు. మీరు జవాబివ్వలేదు."

నేను వినలేదు. డోలు చప్పుడులో వినపడలేదని సర్దిచెప్పుకోబోయాను. కానీ నిజానికి నేను అతని ముఖమే చూడలేదు. అనుమానమూ సిగ్గూ అంటూ అంతసేపు నా మనసును నేను విచారించుకున్నాను గాని, ఎదుటివాడికి ఇవ్వవలసిన జవాబును ఎగ్గొట్టి వచ్చాను. బక్షీసు బిల్లులో కలుస్తుంది. సలాముకు జవాబు ఏ బిల్లులోనూ కలవదు.

మరునాడు ఉదయం ఫలహారశాలలో మా శ్రీమతే అతణ్ణి గుర్తుపట్టింది. పళ్ళాలు తీస్తున్న పాతికేళ్ళ యువకుడు. దగ్గరికి వెళ్ళి, "వ అలైకుముస్సలాం. నిన్నటి సలాముకు జవాబు ఆలస్యమయింది. క్షమించు నాయనా" అన్నాను. అతను ముందు తెల్లబోయి, తరువాత నవ్వాడు. ఇండోనేషియాలోని జావా ద్వీపం అతనిది. నన్ను 'పాక్' అని పిలిచాడు. తండ్రి అన్న అర్థంతో పెద్దలను వారు గౌరవంగా పిలిచే పిలుపు అది. జనం పలచబడ్డాక, వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరమూ కాసేపు మాట్లాడుకున్నాము.

తొమ్మిది నెలల ఒప్పందం. నీటి మట్టానికి దగ్గరగా, కిటికీ లేని గదిలో మరొకరితో కలిసి నివాసం. తెల్లవారుజామున మొదలైన పని మధ్యమధ్య విరామాలతో రాత్రి పొద్దుపోయేవరకు సాగుతుంది. సముద్ర కార్మికుల కోసం 2006లో కుదిరి 2013లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉన్నది. దాని ప్రకారం ఇరవై నాలుగు గంటలలో కనీసం పది గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే రోజుకు పద్నాలుగు గంటల వరకు పని చేయించుకోవచ్చునన్న మాట.

"అంత పని మధ్య మళ్ళీ మా కోసం ఉక్కలో నిలబడటం కష్టం కదా?" అని అడిగాను.

"లేదు పాక్. ఆ పని మాలో చాలామంది అడిగి మరీ వేయించుకుంటారు. ఆ గంటసేపు ఆకాశం కనిపిస్తుంది" అన్నాడు.

నేను ఎవరి మీద జాలిపడి తల తిప్పుకున్నానో, అతనికి అది రోజు మొత్తంలో వెలుతురు చూసే గంట. మరి కష్టమేమిటని అడిగితే, కొంచెం ఆలోచించి చెప్పాడు: "గోడకు కొట్టిన మేకు మీది గుడ్డ తీసుకున్నట్లు కొందరు తువ్వాలు తీసుకుంటారు. కొందరు మాకు కష్టమని తీసుకోకుండా వెళ్ళిపోతారు. అప్పుడు చెయ్యి చాచినవాళ్ళం అలాగే ఉండిపోతాము."

"ఆ సంతోషం నిజమేనా?" అని కూడా అడిగాను. అడగకూడని ప్రశ్నేమో. అతను నొచ్చుకోలేదు. "రోజూ నిజం కాదు. నా కూతురికి జ్వరమని కబురు వచ్చిన రోజు కూడా డోలు కొట్టాను. కానీ నిన్న మీ మనవడు పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు మాత్రం నిజమే."

ఆ కూతురు పుట్టినప్పుడు అతను సముద్రం మీద ఉన్నాడు. మొదటిసారి ఇంటికి వెళ్ళేసరికి ఆమెకు ఏడాది దాటింది. బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని ఒంటరిగా నడిచి ఇల్లు చేరాడట. గుమ్మంలో తల్లి ఉన్నది. కూతురు మాత్రం కొత్త మనిషిని చూసి కెవ్వుమని ఏడ్చి తలుపు వెనుక దాక్కున్నది. దగ్గరికి రావడానికి మూడు రోజులు పట్టింది. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ వేలమందికి 'ఇంటికి స్వాగతం' అని చెప్పే మనిషి కథ ఇది.

ఫుకెట్‌లో పెద్ద ఓడ ఒడ్డుకు దూరంగా లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో తీరానికి వెళ్ళి రావాలి. ఆ సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ అవే చప్పట్లు, అదే మాట. ఈసారి మా శ్రీమతి తువ్వాలు అందుకుని, ఇచ్చిన అమ్మాయి కళ్ళలోకి చూసి 'షుక్రియా బేటీ' అన్నది. ఆ అమ్మాయికి భాష తెలియదు. అయినా అర్థమయింది. నేను ఒక్కొక్కరి ముఖం చూస్తూ తల ఊపుతూ నడిచాను. నా నడక నెమ్మదించడంతో వెనుక వస్తున్నవారు విసుక్కున్నారు. సంకోచం పూర్తిగా పోయిందని అనను. చేసే పనికి తగిన విశ్రాంతి, తగిన వేతనం వారి హక్కు. ఒక చిరునవ్వు ఆ హక్కుకు బదులు కాదు. అయితే ఆ లోటు పేరు చెప్పి ఎదుటి మనిషిని చూడకుండా వెళ్ళిపోవడం నా గొప్పతనమూ కాదు.

బందరుకు తిరిగి వచ్చాక ఆ యువకుడి మాటలు నన్ను వదలలేదు. కారణం మా ఇంట్లోనే ఉన్నది. మా తమ్ముడు ఇరవై రెండేళ్ళుగా కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి వస్తాడు. శంషాబాద్‌లో విమానం దిగి, బస్సు పట్టుకుని తెల్లవారేసరికి తానే ఇల్లు చేరతాడు. దారి తెలిసినవాడు, అంత దూరం వెళ్ళడం ఎందుకని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరమూ విమానాశ్రయానికి వెళ్ళలేదు. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే మా అందరి చూపూ మొదట పడేది అట్టపెట్టెల మీద. అత్తరు సీసాలు, దుప్పట్లు, పాలపొడి డబ్బాలు. ఆ పెట్టెలు విప్పే హడావుడిలో, మా దాదీ చేసినట్లు అతని ముఖం తడిమి చూసినవారు లేరు.

మొన్న అతను వస్తున్నాడని కబురు తెలియగానే నేనూ మా శ్రీమతీ రాత్రి బస్సెక్కి శంషాబాద్ చేరాము. ఆమె ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. బయటికి వచ్చే ద్వారం దగ్గర పేర్లు రాసిన అట్టలు, పూలగుత్తులు పట్టుకుని ఎందరో నిలబడి ఉన్నారు. మా తమ్ముడు బండి తోసుకుంటూ వచ్చాడు. గడ్డం బాగా నెరిసింది. మా ఎదురుగానే వచ్చి, మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు. తన కోసం ఎవరైనా వస్తారని అనుకోని మనిషి జనంలోకి చూడడు కదా!

వెనుక నుంచి సలాం చెప్పాను. గిర్రున తిరిగాడు. నన్ను చూసి, మా శ్రీమతిని చూసి, అతని ముఖం పాలిపోయింది.

"ఏమైంది భాయీజాన్? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"అందరూ క్షేమమే. నిన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాము" అన్నాను.

బండి మీది చేతులు అలాగే ఉంచి అతను చాలాసేపు నా వంకే చూశాడు. ఆ తరువాతే నా సలాముకు జవాబిచ్చాడు.