మా పెరటి వేళలు

రాజమండ్రిలో మేం అద్దెకు దిగిన ఇంటి వెనక సెంటున్నర పెరడుంది. మా అత్తగారు కాయగూరలన్నారు, నేను పువ్వులన్నాను. కడియం నర్సరీలు దగ్గర్లో ఉండగా మొక్కలకి కొదవేముంది! ముద్దబంతి, ముద్దమందారం, గులాబీలు, క్రోటన్లు ఆటో నిండా తెచ్చాం. పెరడు పెళ్ళిపందిరిలా అయింది. తేనెటీగ వాలితే ఒట్టు. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకులైపోతాయి, ఇక వచ్చినవాటికి పెట్టడానికి ఏముంటుంది? తర్వాత రెక్కబంతి నారు పోశాక గానీ సందడి మొదలవలేదు.

అసలు కథ బీరపాదుతో మొదలైంది. పందిరెక్కి విరగబూసింది, పిందెలు మాత్రం పండుబారి రాలిపోయేవి. పక్కింటి మామ్మగారు గోడ మీంచి చూసి, "అమ్మాయ్, నువ్వు పొద్దున్నొచ్చి చూస్తే ఏం లాభం? బీరపువ్వు విచ్చేది దీపాలవేళకి. అప్పుడు మగపువ్వు కోసి ఆడపువ్వుకి రాయి" అన్నారు. అడుగున బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ మీద పూసింది మగది. పెళ్ళి చేయించాక కాయలు నిలిచాయి.

అక్కడి నుంచి నాకు పువ్వుల వేళలు తెలియసాగాయి. గుమ్మడి తెల్లవారుతూనే విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆనపపువ్వు మునిమాపున తెల్లగా విప్పారుతుంది, రాత్రి తిరిగే రెక్కలపురుగుల కోసం. తులసికి ఆ పట్టింపు లేదు. వెన్నులు తుంచకుండా వదిలేశామేమో, ఎండ ఉన్నంతసేపూ చిన్న తేనెటీగలు దాన్ని విడిచేవి కావు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం వంగపువ్వు. ఊదారంగు రేకుల నడుమ పసుపుపచ్చటి కేసరాలు దగ్గరదగ్గరగా నిలబడి ఉంటాయి. పుప్పొడి వాటి లోపలే దాగి ఉంటుంది, కొసన సన్నటి బెజ్జం. బాగా అదిరితేనే పొడి బయటికి రాలుతుంది. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. ఓ పొద్దున వచ్చిందొకటి, వేలిగోరంత, పొట్ట మీద నీలం చారలు. గాల్లో ఆగుతూ, చటుక్కున పక్కకి జరుగుతూ వచ్చి పువ్వుని కాళ్ళతో వాటేసుకుంది. రెక్కలు ముడిచినా మోత ఆగలేదు సరికదా, ఇంకా సన్నబడి కీచుమంది. పువ్వంతా వణికింది. పచ్చటి పొడి దాని పొట్టకి అంటుకుంది. దాన్ని బ్లూ బ్యాండెడ్ బీ అంటారని మావాడు ఫోన్లో చూసి చెప్పాడు. వీటికి పట్టు ఉండదట. ఆడది దేనికది మట్టిలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆ మాట విన్నాక గోడవార గచ్చు చేయిద్దామన్న ఆలోచన విరమించుకున్నాం.

మందు కొట్టకూడదని ముందే అనుకున్నాం. పేనుబంక పడితే గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టడమే. చిక్కొచ్చింది కరివేపాకు దగ్గర. నిమ్మజాతి చెట్ల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక దానికీ మరిగింది. పిల్ల పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దదై పచ్చబడ్డాక ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు చాచి ఘాటు వాసన కొడుతుంది. రెండు రెమ్మలు మోడయ్యేసరికి అత్తగారు చీపురుపుల్ల పట్టుకొచ్చారు.

"చారులోకి రెబ్బ లేదు, పురుగులకి విందా?"

"అవే రేపు సీతాకోకచిలుకలవుతాయండీ."

"అయితే రేపే రమ్మను."

చివరికి కడియం నుంచి ఇంకో కరివేపాకు మొక్క తెచ్చి వంటింటి గుమ్మం పక్కన పాతాను. ఆకు దూస్తుండగా పురుగు కనబడితే అత్తగారు దాన్ని రెబ్బతో సహా తుంచి, గొణుక్కుంటూనే పాత చెట్టు మీద వదిలేసి వచ్చేవారు. ఎవరైనా ఆ పాత చెట్టు మీద చెయ్యి వేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

"దాని జోలికెళ్ళకండి, అది పురుగులది. మనది ఇటుంది."