మా నాయన లెక్క

నన్ను బడిలో వేసినప్పుడు పంతులుగారు పుట్టినరోజు అడిగితే, మా నాయన తడుముకోకుండా చెప్పాడట: “గౌరి రెండో ఈత ఈనిన నాలుగోనాడు, పంతులుగారూ!” ఆయన కాసేపు కలం పట్టుకుని ఆలోచించి జూలై ఒకటి అని వేసుకున్నారు. పాపం, ఆయన మాత్రం యేం చేస్తారు? మా వూళ్ళో సగంమందిమి జూలై ఒకటినే పుట్టాము మరి!

మాది ఒంగోలు తాలూకాలో, గుండ్లకమ్మకూ ముసికీ నడుమ వున్న నల్లరేగడి పల్లె. ఇప్పుడది ప్రకాశం జిల్లా. నా చిన్నతనంలో గుంటూరు జిల్లా. ఒంగోలు జాతి అని లోకమంతా చెప్పుకునే పశువుకు పుట్టిల్లు ఆ నేలే. తెల్లటి వొళ్ళు, నల్లటి మూతి, కాటుక దిద్దినట్టు కళ్ళ చుట్టూ నలుపు, పొట్టి కొమ్ములు, మడతలు పడి వేలాడే గంగడోలు. ఆబోతులకయితే మూపురం మీదా మెడ మీదా బూడిదరంగు నీడ. ఇంత చెప్పినా చూడనివారికి తెలియదు, చూసినవారికి చెప్పనక్కరలేదు.

మా నాయనకు పది యెకరాల చేను, యేడెనిమిది గొడ్లు, అయిదుగురం పిల్లలం. వీటిలో ఆయనకు యేది ముందో చెప్పడం కష్టం. చీకటితోనే లేచి కొట్టంలోకి వెళ్ళేవాడన్నది నిజమే. కాని వెళ్ళేముందు, వరసగా పడుకున్న మా అయిదుగురి మీదా దుప్పటి సరిచేసి మరీ వెళ్ళేవాడు. “లెక్క పెట్టుకుంటున్నాడు” అనేది మా అమ్మ నవ్వుతూ.

పాలు పితికేటప్పుడు రెండు చన్నులు దూడకు, రెండు మనకు. అదీ దూడ కడుపు తడిమి చూసిన తర్వాత. మజ్జిగ పలచగా వుందని మేము గొణిగితే, “దాని పాలు అది తాగుతోంది. మీకు కూడా పెడుతోంది, సంతోషించండి” అనేవాడు. ఒంగోలు ఆవు బిందెలకు బిందెలు పాలిచ్చే ఆవు కాదు. దాని విలువ దాని కడుపున పుట్టిన కోడెల్లో వుంటుంది. ఆ నల్లరేగడి వాన తడిస్తే జిగురు, యెండితే రాయి. దాన్ని దున్నాలంటే ఆ మూపురమే కావాలి. అందుకే ఉలవలు ఉడికించేది కోడెలకు, తవుడూ తెలకపిండీ చూడి ఆవుకు, జొన్నచొప్ప అందరికీ. కొనడానికి వచ్చినవాళ్ళు ముందు పళ్ళు చూసేవారు, తర్వాత సుడులు చూసేవారు. మా నాయనకు సుడుల శాస్త్రమంతా వచ్చు. అందులో సగం నమ్మేవాడు కాదు. యే సగమో మాత్రం యెవరికీ చెప్పలేదు!

మా యింట్లో యెవరి చదువుకు యెంతయిందని రూపాయలలో చెప్పుకునేవాళ్ళం కాదు. పెద్దన్నయ్య హైస్కూలు చదువు ఒక జత. అక్కయ్య పెళ్ళి రెండు జతలు. నా చదువు ఒక జత, అదీ ఆరుపళ్ళు వేసి నాగలికి బాగా మరిగిన జత. అన్నయ్యకు ఒకసారి లెక్కల్లో మార్కులు తగ్గితే, మా నాయన కేకలు వేయలేదు. “నీ కోడెలు అవతల వాళ్ళ చేలో తప్పకుండా దున్నుతున్నాయిరా” అని వూరుకున్నాడు. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు.

దళారి వచ్చి తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం తెగిపోయాక అసలు భాగవతం మొదలయ్యేది. “దాపటిది కుడితిలో ఉప్పు లేకపోతే మూతి పెట్టదు. వలపటిదానికి వురుమంటే భయం, మబ్బు పట్టిననాడు బయట కట్టెయ్యకు” అంటూ కొన్నవాడి వెంట వూరి చివరిదాకా వెళ్ళేవాడు. అక్కయ్యను అత్తవారింటికి పంపిననాడు కూడా బావగారికి యిదే ధోరణిలో చెప్పాడు. మేము నవ్వు ఆపుకోలేకపోయాము. బావగారు మాత్రం శ్రద్ధగా విన్నారు.

ఆ రోజుల్లోనే మా పక్క చేలన్నిటిలోకీ వర్జీనియా పొగాకు వచ్చింది. ఆకు కాల్చే బ్యారన్లు లేచాయి, మిద్దెలు లేచాయి. ఆ డబ్బు యెవరికి చేదు? కాని పొగాకు చేను పశువుకు పరకయినా మిగల్చదు. మా నాయన మూడెకరాలలో పొగాకు వేసి, తక్కిన చేలో జొన్నా పిల్లిపెసరా మానలేదు. చుట్టుపక్కలవాళ్ళు చొప్ప కోసం మా వామి దగ్గరకే వచ్చేవారు. “మిద్దె యెప్పుడు కడతావయ్యా?” అని అమ్మ యేటా అడిగేది. మా యిల్లు 1975 దాకా తాటాకు యిల్లే.

ఆయన చాదస్తుడని అనుకునేరు, కాదు. ఆయన పసితనంలో ముసర జబ్బు వచ్చి, మా తాత కొట్టం వారంలో ఖాళీ అయిందట. 1954లో దేశమంతటా ఆ జబ్బుకు టీకాలు వేసే పథకం మొదలయింది. మా వూరికి టీకాల వాళ్ళు వచ్చినప్పుడు, సూదులకు గొడ్లు యీసుకుపోతాయని జనం పొలాలకు తోలేస్తే, మొదట తన గొడ్లను తోలుకొచ్చినవాడు మా నాయనే. 2006లో మన దేశంలోనూ, 2011లో ప్రపంచంలోనూ ఆ జబ్బు లేకుండా పోయిందని ప్రకటించారు. ఆ మాట వినడానికి ఆయన లేడు.

ఇక మా అమ్మ ఆవు సంగతి. 1946లో అమ్మ కాపరానికి వచ్చినప్పుడు అమ్మమ్మ పసుపు కుంకుమ పెట్టి ఒక పెయ్యను అరణంగా తోలింది. అరణపు సొమ్ము ఆడదానిది. దాని మీద మగనికి చెయ్యి లేదు. అప్పటినుంచీ ఆ వంశంలో పెద్దావును “గౌరి” అనే పిలిచేవాళ్ళం. 1966 నాటికి మిగిలింది మొదటి గౌరి మనుమరాలు ఒక్కటే. తక్కినవన్నీ కోడెలుగా పుట్టి జతలుగా వెళ్ళిపోయినవి.

ఆ యేడు అమ్మకు కడుపులో కంతి అన్నారు. గుంటూరు తీసుకువెళ్ళాలి, ఆపరేషన్ చెయ్యాలి. చేలో పంట లేదు, అమ్మదగ్గ కోడెలు లేవు. చూడితో వున్న గౌరి వుంది. ఒక దళారి 950 రూపాయలు యిస్తానన్నాడు. గుండ్లకమ్మ అవతలి రైతు ఒకాయన 850 అన్నాడు. మా నాయన 850కే యిచ్చాడు. దళారి చేతికిస్తే ఆవు యే సంతలో తేలుతుందో తెలియదు. ఈ రైతుకు యింటి ముందు చొప్పవామి వుంది. ఇచ్చేటప్పుడు ఒక మాట పెట్టుకున్నాడట. అది మాకు తర్వాత తెలిసింది.

అమ్మ బతికింది. యిరవై రోజుల తర్వాత యింటికి వచ్చి, బండి దిగి, ముందు కొట్టంలోకే చూసింది. గౌరి కట్టుగొయ్య ఖాళీ.

“నన్నొక మాట అడిగావా?” అంది.

“అడిగితే అమ్మనిచ్చేదానివి కాదు” అన్నాడు మా నాయన.

“అయితే మానెయ్యాల్సింది.”

అంతే, నెలరోజులు ఆయనతో మాట లేదు. అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, మాట మాత్రం నా చేత ఆడించేది. “అమ్మాయ్, మీ అమ్మ మాత్ర వేసుకుందేమో అడుగు” అనేవాడు ఆయన, ఆవిడ రెండు గజాల దూరంలో కూర్చుని వుండగానే. “వేసుకున్నానని చెప్పు” అనేది అమ్మ. నేను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి అదే అప్పజెప్పేదాన్ని. తమ్ముడికి జ్వరం తగిలి మాటలు కలిశాయి గాని, గౌరి పేరు యింట్లో యెవరమూ యెత్తలేదు.

నా మటుకు నాకు ఇద్దరిలో యెవరిది న్యాయమో ఈనాటికీ తేలలేదు. అమ్మ ప్రాణం ఆయనకు కావాలి. అమ్మ సొత్తు అమ్మది. రెండూ నిజమే కదా!

1969 మాఘమాసంలో ఒకనాడు మా నాయన మధ్యాహ్నం పొద్దున గుండ్లకమ్మ వైపునుంచి నడిచివచ్చాడు. వెంట పాలు మరిచిన పెయ్య. ఆనాడు అమ్మినప్పుడు పెట్టుకున్న మాట ఇదే: తొలి పెయ్యదూడ తనకే యివ్వాలి, వెల అప్పుడు కట్టుకోవచ్చు. కాగితం లేదు, సాక్షి లేడు. మొదటి ఈత కోడెదూడ అయింది. రెండో ఈత పెయ్య. ఆ రైతు కబురు చేశాడు. మా నాయన యెవరికీ చెప్పకుండా జొన్నల డబ్బు పట్టుకుని వెళ్ళాడు. పెయ్యను గౌరి కట్టుగొయ్యకు కట్టి, కాళ్ళు కడుక్కుని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ లోపలినుంచి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. “మెడ పలుపు బిగుసుకుంది, చూడలా?” అని, తనే వంగి ముడి వదులుచేసింది.

తర్వాత కాలం మారిపోయింది, మీకు తెలియనిది కాదు. ట్రాక్టర్లు వచ్చినవి. పాలకోసం జెర్సీ సంకరాలు వచ్చినవి. పొరుగింటి జెర్సీ ఆవును చూసి మా నాయన, “పాలు బంగారంలా వున్నాయి గాని, దీని దూడకు మూపురమేదిరా? కాడి యెక్కడ వేస్తావు?” అన్నాడు. “కాడి యెందుకు, బాబాయ్?” అన్నాడు వాడు. దానికి మా నాయన దగ్గర జవాబు లేకపోయింది.

చిత్రమేమిటంటే, ఇక్కడ తగ్గుతూ వచ్చిన ఆ జాతే సముద్రాల అవతల పెరిగింది. 1960, 1962లలో బ్రెజిలు వాళ్ళు మన పశువులను ఓడల మీద తీసుకుపోయారు, అంతకుముందూ తీసుకుపోయారు. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది గనుక అక్కడ దానిపేరు నెలోర్. ఇప్పుడు ఆ దేశంలో అవి కోట్లలో వున్నవి. 2023లో ఒక ఆవులో మూడోవంతు వాటా 14 లక్షల డాలర్లకు పైగా పలికిందని పత్రికల్లో చదివి తమ్ముడికి ఫోను చేశాను. వాడు నిదానంగా, “మూడోవంతంటే, మూపురం యెవరి వాటాకు వచ్చిందక్కా?” అన్నాడు. అచ్చం మా నాయన గొంతే.

1997లో మా అమ్మాయి పెళ్ళి జరిగింది. అప్పటికి ఆయనకు డెబ్బయి దాటింది. పీటల మీదనుంచి లేచిన అల్లుడితో, “పెయ్యను అరణమిస్తున్నా, బాబూ” అన్నాడు. హైదరాబాదులో మూడో అంతస్తులో కాపరం వుండే ఆ అబ్బాయి వేళాకోళం అనుకుని నవ్వాడు. మా నాయన నవ్వలేదు. అమ్మ కుంకుమ గిన్నె తెచ్చి పెయ్య నుదుట పెట్టింది. అది తమ్ముడి కొట్టంలో పెరగాలనీ, దాని సంతానం మీద అమ్మాయికే హక్కనీ నలుగురిలో చెప్పించాడు. 1999లో ఆయన పోయాడు. 2008లో అమ్మ పోయింది.

ఆ కొట్టంలో ఇప్పుడు అమ్మాయి పేర మూడు వున్నవి. కోడెదూడను అమ్మినప్పుడల్లా తమ్ముడు డబ్బు పంపిస్తాడు. మేత ఖర్చు తీసుకుని మిగతాది పంపరా అంటే, “నాయన చెప్పిపోయిన లెక్కలో అది లేదక్కా” అంటాడు.