మాయమైన అక్షరాలు

గత నెల అమ్మ జ్ఞాపకార్థ కూడిక కొరకు ఆమె జీవిత విశేషాలు కంప్యూటరులో టైపు చేస్తున్నాను. ఆమె పేరుకు ముందు “మా ప్రియమైన” అని చేర్చబోతే, పేరులోని అక్షరాలే ఒక్కొక్కటిగా మాయమైపోయాయి! కీబోర్డు పాడైందనుకొని దానిమీద చేయి చేసుకున్నాను కూడా.

మా అన్నగారి అమ్మాయి వచ్చి చూసింది. “బాబాయ్, బ్యాక్‌స్పేస్ కొట్టబోయి పక్కనున్న ఇన్సర్ట్ మీట నొక్కేశావు” అంది. అది ఒకసారి నొక్కితే కొత్త అక్షరం పాతదాన్ని చెరిపి ఆ చోట కూర్చుంటుందట. మరల నొక్కితే పాతవి పక్కకు జరిగి చోటిస్తాయట. ఇంత చిన్న మీటకు అంత పనా!

కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నాలుగైదుసార్లు నొక్కించింది. అమ్మ పేరు తెరమీద తిరిగి కనబడింది. కాసేపు నేనేమీ టైపు చేయలేకపోయాను.